ఇసుకను బతకనియ్యాలె

"నీళ్లు పల్చటి మజ్జిగ లెక్కున్నయ్ బామ్మర్దీ. పొద్దున ఒకసారి, మాపు ఒకసారి ఫిల్టర్ కడుగుతున్న. ఇంకేం జెయ్యాలె?"

జగిత్యాల నుంచి బావ ఫోను. ఏప్రిల్ రెండో వారం. పొలాస దారిలో ఉన్న తన మామిడి తోటలో ఓ మూల ఆయన ఈతకొలను కట్టించాడు. వేసవి సెలవుల్లో గంటకింత అని తీసుకుని పిల్లల్ని ఈతకు వదలడం మా ప్రాంతంలో ఈ మధ్య పుట్టిన వ్యాపారం. నేను పత్రికలకు రాసుకునేవాణ్ణి, ఫిల్టర్లకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. బావ లెక్కలో మాత్రం చదువుకున్నోడికి అన్నీ తెలిసుండాలి, తెలియకపోతే తెలుసుకుని చెప్పాలి. అక్కను చూసి చాన్నాళ్లయింది. మామిడికాయలకూ రోజులే. బస్సెక్కాను.

జగిత్యాలలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఊళ్లో నక్షత్రం ఆకారంలో కట్టిన పాత కోట ఉంది. దాని కట్టడంలో ఫ్రెంచివాళ్ల చెయ్యి ఉందంటారు. కోట చుట్టూ కందకం, అందులో నిలిచిన నీళ్లు పచ్చగా నాచు కట్టి కనిపించాయి. కదలని నీరు ఏమవుతుందో జగిత్యాల పిల్లలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. చల్‌గల్ మార్కెట్ వైపు మామిడికాయల ట్రాలీలు వరస కట్టి పోతుంటే వాటి సందుల్లోంచి ఆటో తోటకు చేరింది.

కొలను అడుగు కనిపించడం లేదు. నాచు వాసన లేదు, పచ్చదనమూ లేదు. నీలం పలకల మీద తెల్లటి మసక. బావ లుంగీ ఎగ్గట్టి మోటారు గదిలోకి తీసుకెళ్లాడు. కుండలా ఉబ్బిన ఫైబర్ డ్రమ్ము, దాని నెత్తి మీద ఆరు గళ్ల పిడి. ఆ పిడిని 'బ్యాక్‌వాష్' గడికి తిప్పి మోటారు వేశాడు. నీరు కింది నుంచి పైకి ఎదురెక్కి, ఇసుకను కుదిపి, మురికినంతా పైపులోంచి కాలువలోకి కక్కింది. రెండు నిమిషాలు కక్కాక తేటపడింది. బావ మొహంలో తృప్తి. "చూసినవా, రోజూ రెండుసార్లు ఇట్లనే. ఇంతకన్న శుభ్రం ఎవ్వడు జేస్తడు?"

నేను ఈత నేర్చుకున్నది ఈ ఊరికి దగ్గర్లోనే, ఒక వ్యవసాయ బావిలో. నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి మామయ్య గట్టు మీంచి తోసేశాడు. మింగిన నీళ్ల రుచి ఇంకా గుర్తుంది. అప్పటికి మోటలు పోయి కరెంటు మోటార్లు వస్తున్న కొత్త. ఆ బావికి ఫిల్టర్ లేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కొలను గట్టున కూర్చుని ఆలోచిస్తే ఉందనిపించింది. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేదాకా నీటిని పొలానికి తోడేవారు. అడుగున ఊటలు మొరం పొరల్లోంచి, రాతి నెర్రెల్లోంచి వడగట్టుకుని వచ్చి మళ్లీ నింపేవి. అంటే నీరు రోజూ మారేది. దోమ పిల్లల్ని చేపలు చూసుకునేవి. నలభై మంది పిల్లలం దూకినా మర్నాటికి బావి తన నీళ్లు తాను తెచ్చుకునేది. సిమెంటు కొలనుకు ఊట లేదు. అందులో నింపిన నీరే మళ్లీ మళ్లీ తిరగాలి, తిరిగిన ప్రతిసారీ వడపోత జరగాలి.

బావకు ఇంకో ఆలోచన తట్టింది. డ్రమ్ములో పోసిన ఇసుక నకిలీదై ఉంటుందని అనుమానం. సిరిసిల్లలో మా చిన్నమ్మ ఉంది, ఊరి పక్కనే మానేరు. "మానేరు ఇసుకకు మించింది లేదు. ఇండ్లు కట్టెటోళ్లు ఎగబడి కొంటరు. నువ్వు పోయి రెండు బస్తాలు జూసి రా." ముందు కోరుట్లలో ఒకాయన్ని కలవమని అక్క సలహా. దుబాయిలో పదకొండేళ్లు కొలనుల పనే చేసి వచ్చాడట. ఆయనకిప్పుడు చేతినిండా పని, జగిత్యాల రావాలంటే వారం పడుతుంది. అడగాల్సింది మేమే పోయి అడగాలి.

మా దిక్కున దుబాయి అంటే ఒక ఊరు కాదు. మస్కట్ పోయినా, బహ్రెయిన్ పోయినా, సౌదీ ఎడారిలో గొర్లు కాసినా 'దుబాయి పోయిండు' అనే అంటారు. ఈయన మాత్రం నిజంగా దుబాయిలోనే ఉన్నాడు. జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులో ముప్పావుగంట. దారిలో పసుపు తవ్వేసిన చేలు, అక్కడక్కడా టార్పాలిన్ల మీద ఉడికించి ఆరబోసిన కొమ్ములు. కోరుట్ల సందుల్లో గడపల ముందు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఆయన ఇంటి వాకిట్లో రెండు పాత డ్రమ్ములు, పగిలిన కవాటాలు, ఒక బకెట్ నిండా ఇసుక.

చాయ్ వచ్చేలోపే ప్రశ్నలు మొదలయ్యాయి. "కొలను ఎంత సారు?" నలభై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు, సగటున నాలుగు లోతు. ఆయన వేళ్ల మీదే లెక్క కట్టాడు: 3200 ఘనపుటడుగులు, అడుగుకు 28 లీటర్ల చొప్పున దాదాపు 90 వేల లీటర్లు. "డ్రమ్ము ఎంత అడ్డం?" నాకు తెలియదు. ఫోన్ చేస్తే బావ టేపు పెట్టి కొలిచి చెప్పాడు, 24 అంగుళాలు. "పంపు?" గంటకు 18 వేల లీటర్లు పోస్తుందని దాని మీద రాసుంది. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎద్దొకటి, దున్నొకటి కట్టిండ్రు సారు."

ఆ మాట వెనకున్న లెక్క ఇది. ఇసుక ఫిల్టర్‌కు ముఖ్యమైంది డ్రమ్ము ఎత్తు కాదు, ఇసుక పైముఖం వైశాల్యం. ఒక చదరపు మీటరు ఇసుక మీంచి గంటకు 30 నుంచి 40 ఘనపు మీటర్ల నీరు పోతే వడపోత సరిగ్గా జరుగుతుంది. 24 అంగుళాల డ్రమ్ములో ఉండే ముఖం చదరపు మీటరులో మూడో వంతుకూ తక్కువే. అది గంటకు 9 నుంచి 12 వేల లీటర్లు మోయగలదు. దాని మీద 18 వేలు తోస్తే నీరు ఉరుకుతూ సన్నమట్టిని కూడా ఇసుకలోంచి లాక్కుని కొలనులోకే తిరిగొస్తుంది. పిల్లలు గుంపుగా దిగే కొలనులో నీరంతా నాలుగు గంటలకోసారి తిరగాలంటారు. 90 వేల లీటర్లకు అది గంటకు ఇరవై రెండున్నర వేలు. దానికి 36 నుంచి 40 అంగుళాల డ్రమ్ము కావాలి. అమ్మినవాళ్లు ఎవరో పంపు బలాన్ని చూపించి డ్రమ్మును చిన్నదిగా అంటగట్టారు. పంపు హార్స్‌పవర్ పెద్దగా ఉంటే కొనేవాడికి ధైర్యం, డ్రమ్ము చిన్నదైతే అమ్మేవాడికి లాభం.

"కార్ట్రిజ్ ఫిల్టర్ పెట్టుకుంటే?" అని నేను ఎక్కడో చదివిన ముక్క వదిలాను. ముడతల గుడ్డ గొట్టం లాంటిది అది. ఇసుక 20 నుంచి 40 మైక్రాన్ల నలుసును పడితే, అది 10 నుంచి 20 మైక్రాన్ల దాన్నీ పడుతుంది. కడగడానికి నీళ్లు వృథా కావు. "మంచిదే సారు, ఇంట్లో నలుగురు ఈదే కొలనుకు. మీ బావ తోటల నూనె తలలు, మామిడి పూత జిగురు, మా దిక్కు ఉప్పు నీళ్ల సున్నం... నెలలోపు ఆ గుడ్డ అట్ట అయితది." మరింత సన్నగా, 3 నుంచి 5 మైక్రాన్ల దాకా పట్టే డయాటమ్ మట్టి పొడి ఫిల్టర్లూ ఉన్నాయి. దుబాయిలో వాటి మీదా పనిచేశాడు. ఆ పొడి గాలిలో లేస్తే ఊపిరితిత్తులకు చేటని, మూతికి గుడ్డ కట్టుకోకుండా సంచి విప్పొద్దని అక్కడ గట్టిగా చెప్పేవారట. పైగా కడిగిన ప్రతిసారీ కొత్త పొడి పోయాలి. జగిత్యాలలో దాని కోసం ఎవరిని అడుగుతాం? ఫిల్టర్ కొనేటప్పుడు ఎంత సన్నగా వడపోస్తుందని మాత్రమే అందరూ అడుగుతారు. చెడిపోయిన రోజు సామాను ఎంత దూరంలో దొరుకుతుందని కూడా అడగాలన్నది ఆయన వాదన. నాకు నచ్చింది.

పంపును ఏం చేయాలి? బయటికి పోయే కవాటాన్ని కొంచెం బిగించి ధార తగ్గించమన్నాడు. నడిచే గంటలు పెంచమన్నాడు. నీరు ఒక చుట్టు తిరిగితే మొత్తం వడకట్టినట్టు కాదు, వడకట్టింది వడకట్టని దానితో కలుస్తూ ఉంటుంది కదా. ఒక చుట్టుకు వందలో 63 వంతులు, రెండిటికి 86, మూడిటికి 95. కరెంటు బిల్లు మాట ఎత్తితే నవ్వాడు.

అసలు జబ్బు ఇంకా చెప్పలేదు. "మీటర్ ఎంత జూపిస్తది సారు?" డ్రమ్ము మీద ప్రెషర్ గేజ్ ఉందన్న సంగతి బావకు తెలుసు. దాన్ని చూడాలని తెలియదు. ధార తగ్గించి, మీటర్ చూసి ఫోనులోనే చెప్పమంటే పది అన్నాడు. కడిగిన వెంటనే పదా? అవును. మళ్లీ కడగబోయే ముందు? అది తెలిసేదాకా కోరుట్లలోనే ఆగాను. బావ మర్నాడు పొద్దున చూసి చెప్పాడు: అప్పుడూ పదే, ముల్లు కొద్దిగా జరిగిందేమో.

"మీ బావ ఇసుకను బతకనిస్తలేడు."

బకెట్‌లోంచి గుప్పెడు ఇసుక తీసి నా అరచేతిలో పోశాడు. అన్నీ ఒకే తీరు గింజలు, అర మిల్లీమీటరు సైజు, గరుకుగా మూలలు తేలినవి. ఆ గింజల మధ్య ఉన్న సందులే జల్లెడ అని మనం అనుకుంటాం. కొత్త ఇసుకలో ఆ సందులు పెద్దవి. మొదట పడ్డ మురికి వాటిలో ఇరుక్కుని సందుల్ని ఇరుకు చేస్తుంది. ఆ తర్వాత వచ్చే మురికిని పట్టేది ఇసుక కాదు, ముందు వచ్చిన మురికే. అందుకే కడిగిన మొదటి గంటల్లో ఫిల్టర్ సగం పనే చేస్తుంది, రెండు మూడు రోజులు పోయాక మంచి పదునుకొస్తుంది. కడిగాక ముల్లు ఎక్కడుందో గాజు మీద గీత గీసుకోవాలి. అక్కడి నుంచి ఎనిమిది, పది పౌన్లు పెరిగితేనే కడగాలి. బావ దగ్గర పది అంటే, పద్దెనిమిది దాకా చెయ్యి కట్టేసుకోవాలి. రోజుకు రెండుసార్లు కడిగేవాడి ఇసుక ఎప్పటికీ పసిపిల్లే. పైగా ఒక్క కడుగుకు ఆరేడు వందల లీటర్లు కాలువ పాలు. నడివేసవిలో, బోరు నీళ్లు.

కడిగాక పిడిని 'రిన్స్' గడికి తిప్పి అర నిమిషం వదలాలని, లేకపోతే కుదిపిన మురికి నేరుగా కొలనులోకి పోతుందని కూడా చెప్పాడు. మోటారు ఆపకుండా పిడి ముట్టుకోవద్దన్నాడు. లోపల సాలెగూడులా ఉండే రబ్బరు గాస్కెట్ చిరిగితే నీరు వడపోత లేకుండానే దొంగదారిన పోతుంది. వాకిట్లో పడున్న కవాటాలన్నీ అలా పోయినవేనట. బావ మోటారు ఆపుతాడా? అడిగాను. ఫోనులో కాసేపు నిశ్శబ్దం.

ఇంకో దోషి బ్లీచింగ్ పౌడర్. బావ దాన్ని దోసిళ్లతో నేరుగా కొలనులో చల్లుతున్నాడు. అందులోని కరగని సున్నమే ఆ తెల్ల మసకలో సగం. అది ఇసుకలోకి దిగితే గడ్డలు కట్టి ఆ గడ్డల పక్కనుంచి నీరు బొక్కలు చేసుకుంటుంది. వేస్తే రాత్రి బకెట్‌లో కలిపి, తెల్లారాక పైతేట మాత్రమే పోయాలి. సున్నంతో నీటి పీహెచ్ కూడా పెరుగుతుంది. 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. 8 దాటితే వేసిన క్లోరిన్‌లో పనిచేసేది దాదాపు నాలుగో వంతే. "పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది గద సారు, ఈ సీసా కూడ గంతే" అంటూ రెండు చుక్కల ఎర్రమందు గొట్టంలో వేసి తన ఇంటి బోరు నీళ్లు పరీక్షించి చూపించాడు. కొలను దగ్గర ముక్కు మండించే వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. నిజానికి చెమటతోనూ, పిల్లలు నీళ్లలో వదిలే దానితోనూ కలిసి క్లోరిన్ పాడైపోయిన వాసన అది. మందు తక్కువైందనడానికే అది గుర్తు.

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. పెద్ద డ్రమ్ము కొనేటప్పుడు తనను అడిగి కొనమన్నాడు.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ బస్సు. ఈ దిక్కున వరద కాలువ ఉంది. శ్రీరాంసాగర్ మిగులు నీళ్లను మధ్య మానేరుకు తెచ్చేందుకు తవ్వింది. తర్వాత రాంపూర్, రాజేశ్వరరావుపేట దగ్గర పంపులు పెట్టి అదే కాలువలో నీటిని వెనక్కి శ్రీరాంసాగర్‌కు ఎత్తిపోసే ఏర్పాటు చేశారు. నీళ్లు ఎదురు పారుతాయంటే నమ్మని ముసలివాళ్లు చూసి రావడానికి వెళ్లిన సంగతి ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు మాత్రం బావ డ్రమ్ము గుర్తొచ్చి నవ్వొచ్చింది.

వేములవాడలో దిగి రాజన్న దర్శనం చేసుకున్నాను. కోడె మొక్కుల వరస, తలనీలాల వరస, ధర్మగుండంలో తడిబట్టలతో జనం. మునక వేసిన ప్రతి తలతో పాటు నూనె, పసుపు, కుంకుమ, వెంట్రుకలు నీటిలో దిగుతాయి. భక్తిని కొలిచే మీటరు లేదు కాని నీటికి భారం భారమే. కొలనులోకి దిగేముందు స్నానం చేయమని బోర్డు పెట్టేది మర్యాద కోసం కాదు. కొబ్బరినూనె పట్టించిన ఒక్కొక్క తల ఇసుక మీద జిడ్డు పొర వేస్తుంది, ఆ జిడ్డు ఎదురు నీళ్లకు వదలదు. బావ కొలను గట్టున ఒక షవర్ బిగించడం పెద్ద డ్రమ్ము కంటే చవక.

సిరిసిల్ల అక్కడికి దగ్గరే. ఊరు కనిపించకముందే సాంచాల, అంటే మరమగ్గాల, మోత వినిపిస్తుంది. బి.వై.నగర్‌లో చిన్నమ్మ ఇంటికి రెండు వైపులా షెడ్లు. టకటక ఆగితేనే అక్కడివాళ్లకు మెలకువొస్తుంది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పుడు ఇక్కడ రాత్రింబవళ్లు నేశారు. ఆర్డర్లు ఆగితే ఆగిన సాంచాల మధ్య ఊరు ఎలా ఉంటుందో తమ్ముడు (చిన్నమ్మ కొడుకు) చెబుతుంటే విన్నాను. అది వేరే వ్యాసం.

తమ్ముడు బండి మీద మానేరుకు తీసుకెళ్లాడు. ఎండిన పాయలో గుప్పెడు ఇసుక తీసి, ఖాళీ నీళ్ల సీసాలో సగం పోసి, నీళ్లు నింపి గట్టిగా ఊపాను. లావు గింజలు వెంటనే కూర్చున్నాయి. సన్నవి కాసేపటికి. పైన టీ రంగు నీళ్లు ఎంతసేపటికీ తేరుకోలేదు, మైకా తళుకులు తిరుగుతూనే ఉన్నాయి. గోడకు ఈ ఇసుక బంగారమే, లావూ సన్నమూ కలిసుంటేనే సిమెంటు పట్టు కుదురుతుంది. ఫిల్టర్‌కు కావాల్సింది సరిగ్గా దీనికి ఎదురు: అన్నీ ఒకే తీరు గింజలు, మన్ను లేనివి. సన్నవి లావువాటి సందుల్లో నిండితే డ్రమ్ములో జరిగేది వడపోత కాదు, దిమ్మిస. అదీకాక వాగు ఇసుకను బస్తా అయినా అడగకుండా ఎత్తుకొచ్చే హక్కు ఎవరిచ్చారని తమ్ముడు అడిగాడు. సీసా అక్కడే ఒంపేసి వచ్చాం.

రాత్రి అన్నాలయ్యాక చిన్నమ్మ బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్లు పోస్తోంది. వెలిసిపోయిన నూలు చీర, నాలుగు మడతలు. మిషన్ భగీరథ నల్లా వచ్చింది కదా, ఇంకా ఎందుకమ్మా అన్నాను. "గుడ్డ గట్టకుంటె తాగబుద్ధి గాదు బిడ్డా." కొత్త గుడ్డ కట్టొచ్చుగా? "కొత్తదాన్ల నీళ్లు ఊరికె జారిపోతయ్. పాతదైతెనే మంచిగ పడ్తది."

బంగ్లాదేశ్‌లో మత్లబ్ ప్రాంతపు పల్లెల్లో అమెరికన్ శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం ఇలా గుడ్డతో వడకట్టడాన్నే పరీక్షించి 2003లో అచ్చు వేసింది. పాత చీరను నాలుగు మడతలు వేసి చెరువు నీళ్లు వడకట్టమని పల్లెల్లో నేర్పించారు. కలరా క్రిమి తానుగా గుడ్డలోంచి దూరిపోతుంది. కానీ అది అంటుకుని బతికే సన్నటి నీటి జీవులు గుడ్డకు చిక్కుతాయి. వడకట్టిన ఇళ్లలో కలరా 48 శాతం తగ్గింది. పాత చీరే ఎందుకంటే, ఉతికి ఉతికి నూలు పోగులు మెత్తబడి, నూగు లేచి, సందులు 20 మైక్రాన్ల దాకా మూసుకుంటాయి. బావ డ్రమ్ములోని ఇసుక మంచి పదును మీద ఉన్నప్పుడు పట్టేదీ దాదాపు అంతే. ఈ లెక్క సిరిసిల్లలో ఇప్పుడు నేసే పాలిస్టర్‌కు పనికిరాదు, ఎన్ని ఉతుకులు పడినా ఆ పోగుకు నూగు లేవదు. చిన్నమ్మ దగ్గరున్నది నూలు సాంచాల నాటిది.

ఇదే సంగతిని 1892లో హాంబర్గ్ నగరం చాలా ఖరీదుకు నేర్చుకుంది. ఎల్బే నది నీళ్లను వడకట్టకుండా తాగిన ఆ ఊళ్లో కలరాకు 8 వేల మందికి పైగా పోయారు. పక్కనే ఆనుకుని, అదే నదిలో ఇంకా దిగువ నుంచి నీళ్లు తీసుకునే ఆల్టోనాలో కలరా అంతగా పాకలేదు. అక్కడ ఇసుక పడకలున్నాయి. ఆ పడకల్లో అసలు పని చేసేది ఇసుక మీద పేరుకునే జిగట పొర. దాన్ని గీకేస్తే మళ్లీ పొర కట్టేదాకా ఆ నీళ్లను జనానికి వదలరు.

పడుకోబోతుంటే బావ ఫోన్.

"ధార తగ్గించిన. కవాటం బిగించిన. బ్లీచింగ్ బకెట్ల నానబెట్టిన. మెట్ల దగ్గర అడుగు కనిపిస్తున్నది బామ్మర్దీ, నీ అక్కను తీస్కపోయి చూపించిన."

"కడిగినవా?"

"నిన్న పొద్దటి సంది ముట్టలే." కాసేపాగి గొంతు తగ్గించాడు. "చెయ్యి గుంజుతున్నది. ఒక్కసారి తిప్పనా?"

"మీటర్ ఎంతుంది?"

చెప్పుల చప్పుడు, మోటారు గది తలుపు కిర్రుమనడం, టార్చి వెతుక్కోవడం. ఇవతల గోడకవతల సాంచాలు మోగుతూనే ఉన్నాయి.

"పదమూడు."

"ఇంక అయిదున్నది బావా. పండుకో."